గోరువెచ్చగా ఉంది, చీఫ్

మొదటిసారి ఆ ఓడ ఇంజను రూములోకి దిగుతూ నేను మెట్ల మధ్యలో ఆగిపోయాను. నా వెనక పెట్టె పట్టుకుని వస్తున్న మనిషి ముందు దగ్గాడు, తర్వాత గొంతు సవరించుకున్నాడు, ఆఖరికి ఆ పెట్టెతోనే నా వీపు మీద పొడిచాడు. అయినా నా కాళ్లు కదల్లేదు. పదేళ్లు సముద్రం మీద పనిచేసినవాణ్ణి, ఇంజను చూసి నోరు వెళ్లబెట్టే వయసు ఎప్పుడో దాటిపోయిందనుకున్నాను. కానీ అలాంటి ఇంజన్ని చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మగా చూడడమే తప్ప, తిరుగుతుండగా చూస్తానని కలలో కూడా అనుకోలేదు.

మూడంతస్తుల మేడంత ఎత్తు. పైన మూడు సిలిండర్లు, ఒకదానికంటే ఒకటి పెద్దవి. బాయిలర్లోంచి వచ్చిన ఆవిరి చిన్నదానిలో పనిచేసి, మిగిలిన బలంతో నడిమిదానిలోకి, అక్కణ్ణుంచి పెద్దదానిలోకి పోతుంది. ఒకే ఆవిరి చేత మూడుసార్లు పని చేయించుకుంటారన్నమాట. కింద మనిషి తొడంత లావు ఉక్కు కడ్డీలు, వాటి కాళ్ల దగ్గర మోకాళ్లలా వంగి తిరిగే క్రాంకులు. దేనికీ మూత లేదు. బయల్దేరే ముందు వేడెక్కించడానికి నెమ్మదిగా తిప్పుతున్నారు. అంత ఇనుము కళ్లెదురుగా లేచి పడుతుంటే వినబడే చప్పుడు మా ఇంట్లో ఇడ్లీల గిన్నె ఆవిరి వదిలేంత. డీజిల్ ఓడల్లో మేం సైగలతో మాట్లాడుకునేవాళ్లం. ఇక్కడ ఒక ముసలాయన ఆ కడ్డీల పక్కన నిలబడి, మామూలు గొంతుతో, రేపు వాన పడుతుందా లేదా అని మాట్లాడుతున్నాడు.

నాకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. కొత్త ఉద్యోగంలో మొదటి రోజే పిచ్చివాడనిపించుకోవడం ఎందుకని.

అది డెబ్భై ఎనిమిది ఏప్రిల్. ఓహాయోలో, టోలిడో రేవు. గ్రేట్ లేక్స్ అని ఇక్కడ ఐదు సరస్సులున్నాయి. సరస్సులని పేరేగానీ సముద్రాలే. ఒడ్డు కనబడదు, తుఫాన్లొస్తాయి, ఓడలు మునుగుతాయి. ఉప్పు మాత్రం లేదు. చలికాలం మంచు కట్టేస్తే ఓడలన్నీ రేవుల్లో పడుకుంటాయి, ఏప్రిల్లో మంచు విడవగానే లేస్తాయి. ఇనుప రాయి, సున్నపురాయి, బొగ్గు, గోధుమలు మోస్తూ మళ్లీ డిసెంబరు దాకా తిరుగుతాయి. మంచినీళ్లలో ఇనుము తొందరగా తుప్పు పట్టదు. అందుకే సముద్రంలో పాతికేళ్లు బతికే ఓడ ఇక్కడ డెబ్భై ఏళ్లు బతుకుతుంది. నేనెక్కిన ఓడ మా తాతకి పెళ్లయిన రోజుల్లో కట్టింది.

విశాఖపట్నంలో ఓడల పని నేర్చుకుని, సముద్రాలు తిరిగి, ఈ దేశం వచ్చాక నేను ఎనిమిదేళ్లు ఒడ్డునే ఒక కరెంటు కర్మాగారంలో బాయిలర్ల దగ్గర పనిచేశాను. మంచి ఉద్యోగం. నాకు ఒంటబట్టలేదు. ఇంట్లో ఉన్నంతసేపూ కిటికీలోంచి ఆకాశం చూసి గాలి ఎటునుంచి వీస్తోందో చెప్పేవాణ్ణట. మా ఆవిడ హాస్పిటల్ ల్యాబులో పనిచేసేది. ఒక రోజు విసుగెత్తి, "ఆ వెదర్ రిపోర్టేదో ఓడలో ఎవరికైనా చెప్పుకోండి, నాకెందుకు," అంది. సిటిజన్‌షిప్ వచ్చాక రెండేళ్లు చదివి ఆవిరి ఇంజన్ల లైసెన్సు పరీక్ష రాశాను. కర్మాగారంలో రాజీనామా ఇచ్చి ఈ ఓడకి థర్డ్ ఇంజనీరుగా వచ్చాను. మొదటి ట్రిప్పు పరీక్ష. చీఫ్ ఇంజనీరు సరేనంటే ఉంటాను, కాదంటే వచ్చే రేవులో దింపేస్తారు. అప్పటికే ఓడలన్నీ మనుషుల్ని నింపుకుని బయల్దేరిపోయాయి. ఇక్కడ దిగితే ఆ ఏడాదికి నాకు ఇంకో ఓడ లేదు, వెనక్కి పోదామంటే పాత ఉద్యోగమూ లేదు. మా ఆవిడకి ఆ రెండో సంగతి సరిగ్గా చెప్పలేదు.

చీఫ్‌కి అరవై ఉంటాయి. మిషిగన్ ఉత్తరపు కొసన పుట్టినవాడు. నల్లకోటు గుమాస్తాలా బక్కగా ఉంటాడు, చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి తగిలించినట్టు పెద్దవి. వాటి నిండా పాత కాలిన మచ్చలు. అప్పుడే మరిగిన కాఫీని రేకు కప్పులో పోసుకుని, పిడి పట్టుకోకుండా కప్పు చుట్టూ చెయ్యేసి తాగేవాడు. చూసేవాళ్లకే చెయ్యి చురుక్కుమనేది. మాట పొదుపు. మొదటి రోజు నాతో అన్నది ఒకటే. ఇంజన్ని చూడు, విను, వాసన చూడు, ముట్టుకోకు.

ఆ ముట్టుకోవడమే ఆ ఓడలో అసలు పని. క్రాంకు తిరిగే చోట బేరింగులుంటాయి. నూనె తగ్గితే అవి వేడెక్కుతాయి, ఎక్కువ వేడెక్కితే లోపలి మెత్తటి లోహం కరిగిపోతుంది, ఓడ నడిసరస్సులో ఆగిపోతుంది. కొత్త ఓడల్లో ఆ వేడి చూడ్డానికి గడియారాల్లాంటి మీటర్లుంటాయి. ఇక్కడ మనిషి చెయ్యే మీటరు. గంటకోసారి, ఇంజను పూర్తి వేగంతో తిరుగుతుండగానే, క్రాంకు గొయ్యిలో చెయ్యి పెట్టి చూడాలి. నిమిషానికి డెబ్భై ఎనభై సార్లు ఆ ఇనుప మోకాలు అక్కడ తిరుగుతూ ఉంటుంది. పొరపడితే చెయ్యి మణికట్టు దాకా ఉండదు.

మొదటి రోజు వాన గురించి మాట్లాడుతూ కనిపించిన ముసలాయన ఆ ఓడ ఆయిలరు, అంటే బేరింగులకి నూనె పోసే మనిషి. ఆ ఇంజను దగ్గరే నలభై ఏళ్లు గడిపాడు. నా డ్యూటీలో ఆ చెయ్యి పెట్టే పని ఆయనే చేసేవాడు. పొగాకు నములుతూ, ఎటో చూస్తూ, గొయ్యిలోకి చెయ్యి దించేవాడు. తిరిగే ఇనుము వచ్చి ఆయన అరచేతిని తాకి వెళ్లిపోయేది, మళ్లీ వచ్చి తాకి వెళ్లిపోయేది. దూడ మూతిని రాసినట్టు ఉండేది చూడ్డానికి. ఎలా చేస్తావని అడిగితే, చెయ్యి పెట్టకూడదు, అది వచ్చే చోట ఉంచాలి, అదే వస్తుంది అన్నాడు. అది వినడానికి ఎంత తేలికో, అక్కడ నిలబడి చూస్తే అంత భయం.

చీఫ్‌కి ఇంజనీరు నచ్చితే తనే వాడి మణికట్టు పట్టుకుని ఆ గొయ్యిలోకి దించుతాడని ఆయిలరు చెప్పాడు. నచ్చకపోతే? నచ్చకపోతే మణికట్టు జోలికి రాడు, పెట్టె సర్దుకోమంటాడు. ఆ ట్రిప్పంతా నేను చీఫ్ చేతులకేసి చూస్తూనే గడిపాను.

ఆ ఓడలో నన్ను బాగా కలవరపెట్టినది ఇంకొకటుంది. సముద్రంలో బాయిలరుకి ఉప్పునీళ్లు విషం. పనిచేసిన ఆవిరిని గొట్టాల్లో చల్లబరిచి, అదే నీటిని మళ్లీ బాయిలర్లోకి పంపుతారు. బయటి సముద్రపు నీళ్లు ఒక్క చుక్క అందులో కలవకూడదు. కలిస్తే బాయిలరు పాలగిన్నెలా పొంగి, నీళ్లు ఇంజనులోకి పోయి సిలిండర్లు బద్దలవుతాయి. ఇక్కడేమో పనిచేసిన ఆవిరి మీద సరస్సు నీళ్లు నేరుగా చల్లేస్తారు. రెండూ కలిసిపోతాయి, అవే బాయిలర్లోకి పోతాయి. మంచినీళ్లేగా, భయమేముంది? బుద్ధికి అర్థమైంది, ఒంటికి అర్థం కాలేదు. నాకు పని నేర్పిన పెద్దాయన, ప్రతి డ్యూటీలో ఒక చుక్క నాలిక మీద వేసుకో, ఉప్పు తగిలితే ముందు నీళ్లు కట్టెయ్, ఆ తర్వాతే ఎవరినైనా ఏమైనా అడుగు అనేవాడు. పదేళ్లు అదే చేశాను. ఈ ఓడలోనూ రోజూ కొళాయి తిప్పి, రేకు గ్లాసులో నాలుగు చుక్కలు పట్టి, వేలు ముంచి నాకేవాణ్ణి. తియ్యటి నీళ్లు. ఆయిలరు చూసి, సరస్సు ఇవాళ ఎలా ఉంది, ఏమైనా తక్కువైందా అని వేళాకోళం చేసేవాడు.

క్లీవ్‌లండ్‌లో సరుకు ఎత్తడానికి ఆగాం. అక్కడ ఉప్పు గని ఉంది. ఆ మంచినీటి సరస్సు అడుగున, ఎన్నో వందల అడుగుల లోతున, రాతి ఉప్పు పొర ఉందని, మనుషులు అక్కడికి దిగి తవ్వుతారని చెబితే నేను నమ్మలేదు. పైన ఉప్పు లేని సముద్రం, కింద ఉప్పు కొండ. చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఆ ఉప్పుని మిల్వాకీకి తీసుకుపోవాలి. ఒకరోజంతా గొట్టంలోంచి తెల్లగా కురిసింది. ఓడంతా ఉప్పు. మెట్ల కమ్ములకి ఉప్పు, తలుపు పిడులకి ఉప్పు, పడుకుంటే దిండు మీద ఉప్పు, రొట్టె కొరికితే పళ్ల కింద కరకర. నేను మాత్రం చిన్నపిల్లాడిలా డెక్కు మీద నిలబడి చూశాను. ఆ నీళ్లూ ఈ ఉప్పూ ఏ కాలంలో విడిపోయాయో అనుకుంటూ, మధ్యలో ఈ డెబ్భై ఏళ్ల ఇనుప పెట్టె ఎంత చిన్నదో చూసుకుంటూ.

ఆ మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నేను డ్యూటీకి దిగాను. అప్పటికే ఓడ సెయింట్ క్లెయిర్ నదిలో ఎదురెక్కుతోంది. నది ఇరుకు, ప్రవాహం జోరు. తొమ్మిదింటికి యథాప్రకారం గ్లాసు పట్టాను, వేలు ముంచాను, నాలిక మీద పెట్టుకున్నాను.

ఉప్పు.

ఇంకోసారి చూశాను. మళ్లీ ఉప్పే. ఒక్క క్షణంలో బుర్రలో లెక్క కుదిరిపోయింది. రాత్రి వాన పడింది, సరుకు తడిసింది, ఆ ఉప్పునీళ్లు ఏ పగులులోంచో కారి మన నీళ్లలో కలుస్తున్నాయి. ఇంక ఆలోచించలేదు. పెద్దాయన చెప్పినట్టే బాయిలర్లకి పోయే నీళ్లు కట్టేశాను. పైన కెప్టెనుకి ఫోను చేసి, బాయిలరు నీళ్లలో ఉప్పు వస్తోంది, వేగం తగ్గించండి, ఇంజను ఆపాల్సి రావచ్చు అన్నాను.

కెప్టెను, చాలా మర్యాదగా, నదిలో ఎదురుగా మనకి రెండింతలుండే ఓడ వంపు తిరిగి వస్తోందని, ఇప్పుడు ఇంజను ఆగితే ప్రవాహం మనల్ని అడ్డంగా తిప్పి దాని ముందు పెడుతుందని చెప్పాడు. ఆ మర్యాద నేనిప్పటికీ మరిచిపోలేదు. ఈలోగా బాయిలర్ల దగ్గరి మనిషి వచ్చి, గాజు గొట్టంలో నీటిమట్టం దిగుతోందన్నాడు. బాయిలర్లో నీళ్లెంతున్నాయో చూపించే గొట్టం అది. అందులో నీళ్లు కనబడకుండా పోతే కింద మంట, పైన ఎండిన ఇనుము. నీళ్లు పంపితే బాయిలరు పొంగుతుంది, పంపకపోతే కాలిపోతుంది. గొట్టంకేసి చూస్తూ నిలబడ్డాను.

చీఫ్ వచ్చాడు. బనీనుతోనే దిగాడు, కానీ పరుగెత్తలేదు. ఏమైందన్నాడు. చెప్పాను. గొట్టంకేసి చూశాడు, ఇంకా రెండు వేళ్ల మట్టం ఉంది. నాకేసి చూశాడు, మొహం నుంచి చేతుల దాకా. తర్వాత మూలనున్న తొట్టి దగ్గరికెళ్లి సబ్బు తీసుకుని మోచేతుల దాకా చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. నది మీద మనం అడ్డం తిరగబోతుంటే ఈయన చేతులు కడుక్కుంటున్నాడేమిటని నాకు ఏడుపొచ్చినంత పనైంది. కడుక్కుని, గ్లాసు కూడా కడిగి, నీళ్లు పట్టి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.

"మంచినీళ్లు," అన్నాడు.

వెళ్లి బాయిలర్ల నీళ్లు కొంచెం కొంచెంగా తెరిచాడు. కెప్టెనుకి ఫోను చేసి, అంతా బాగానే ఉంది, వేగం ఎంత కావాలో అడగండి అన్నాడు. గొట్టంలో మట్టం మెల్లగా లేచింది. అప్పుడు నన్ను పిలిచి నా చొక్కా చెయ్యి చూసుకోమన్నాడు. అంచు తెల్లగా ఉంది. వేళ్ల సందుల్లోనూ, గోళ్ల చుట్టూ తెల్లగా ఉంది. మెట్ల కమ్మి పట్టుకుని దిగానుగా. నిన్నంతా కురిసిన ఉప్పే నేను నాకాను. ఆ పక్క నుంచి ఎదురు ఓడ మా మీద నీడ వేస్తూ, గోడ నడిచినట్టు నడిచి వెళ్లిపోయిందని డెక్కు మీది వాళ్లు తర్వాత చెప్పారు.

నాకు తల కొట్టేసినట్టయింది. జరిగింది లాగ్ పుస్తకంలో రాయమన్నాడు చీఫ్. రాశాను. నీళ్లు చూసే ముందు చెయ్యి కడుక్కోలేదు, చేతి మీది ఉప్పుని నీళ్లలో ఉప్పనుకున్నాను, నా మాట మీదే నీళ్లు కట్టేశాను అని, ఏదీ దాచకుండా. ఆయన చదివి, ఇంకేమైనా ఉందా అన్నాడు. లేదన్నాను. పుస్తకం మూసి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం నా గదిలో పెట్టె సర్దుకున్నాను. మా ఆవిడకి ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటూ కూర్చున్నాను. ఆ తెల్లవారుజామున డెట్రాయిట్ దగ్గర టపా పడవ వచ్చి, తాడుకి కట్టిన బకెట్టులో మాకు ఉత్తరాలందించింది. అందులో మా ఆవిడది ఒకటుంది. మీ చెరువు ఎలా ఉందని అడిగింది. జవాబు సగం రాసి ఉంది, నేను మెట్ల మీద నిలబడిపోయిన సంగతీ, ఆయిలరు చేతి సంగతీ. అది చించేద్దామనుకుని చించలేకపోయాను.

సాయంత్రం డ్యూటీకి దిగేసరికి చీఫ్ అక్కడే ఉన్నాడు. మిల్వాకీలో దిగమంటాడని సిద్ధపడ్డాను. ఆయన తొట్టికేసి చూపించి చేతులు కడుక్కోమన్నాడు. కడుక్కున్నాను. మోచేతుల దాకా కడిగించాడు. తర్వాత నా కుడి మణికట్టు పట్టుకుని క్రాంకు గొయ్యి దగ్గరికి నడిపించాడు.

చెయ్యి లాక్కోవాలనే అనిపించింది, అబద్ధమెందుకు. ఆయన పట్టు ఇనుములా ఉంది. నా అరచేతిని తెరిచి, ఒక చోట ఉంచి, ఆగాడు. చీకటిగా నూనె మెరుస్తూ ఏదో పైనుంచి వచ్చింది. నా చేతిని తాకింది. వెళ్లిపోయింది. కళ్లు మూసుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది. మళ్లీ తాకింది. నున్నగా, నూనెగా, ఎవరిదో నుదురు తాకినట్టు. మూడోసారి వచ్చేటప్పటికి అది ఎప్పుడొస్తుందో నా చేతికే తెలిసిపోయింది. ఆ ఇంజను వెనక బాయిలర్లు, బాయిలర్ల వెనక సరస్సు, ఇన్నాళ్లుగా ఇక్కడ చెయ్యి పెట్టి చూసినవాళ్లందరూ, వాళ్లలో ఇప్పుడు బతికున్నవాళ్లెందరో, ఇవన్నీ ఒక్కసారిగా నా అరచేతిలోకి వచ్చిపోతున్నట్టనిపించింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

"ఎలా ఉంది? చెప్పు," అన్నాడు చీఫ్.

"గోరువెచ్చగా ఉంది, చీఫ్," అన్నాను.

తలూపి నా మణికట్టు వదిలేశాడు. నా పెట్టె మళ్లీ విప్పుకున్నాను.

ఆ ఓడలో ఏడు సీజన్లు పనిచేశాను. ఈలోగా మాకు కూతురు పుట్టింది. సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఒక పార్కు ఉండేది, ఓడలు రాయి విసిరితే తగిలేంత దగ్గరగా పోయేవి. నాలుగైదు నెలలకోసారి మా ఆవిడ పాపని కార్లో తీసుకొచ్చి అక్కడ నిలబడేది. ఆ రోజు కెప్టెను ఆవిరి కూత వేయించేవాడు, మూడు పొడుగు, రెండు పొట్టి. నది రెండొడ్లూ ఆ కూతని అటూ ఇటూ విసురుకునేవి. పాప చెవులు మూసుకుని, నోరు మాత్రం తెరిచి చూసేది. నేను పక్క తలుపులోంచి చెయ్యి ఊపేవాణ్ణి. ఈ మధ్య అడిగితే, ఆ కూత తనకి పొట్టలో వినబడేదని చెప్పింది.

అంతా బాగానే ఉండేది, ఒక్క చీఫ్ తప్ప. నేను థర్డ్ నుంచి సెకండు అయ్యాను. ఆయిలరు రిటైరయ్యాడు. కొత్తగా వచ్చినవాళ్ల చేతులు పట్టుకుని నేనే గొయ్యిలోకి దించుతున్నాను. అయినా ప్రతి డ్యూటీలో చీఫ్ దిగి వచ్చి, కాఫీ కప్పు పట్టుకుని నా పక్కన నిలబడి, ఎలా ఉంది, చెప్పు అనేవాడు. నేను చెయ్యి పెట్టి చెప్పాలి. మొదటి ఏడాది సంబరంగా చెప్పాను. రెండో ఏడాది మామూలుగా చెప్పాను. మూడో ఏడాది నుంచి మండుకొచ్చేది. ఇంకా పరీక్షేమిటి? ఒకసారి ఉప్పు నాకినవాణ్ణి జన్మంతా అనుమానిస్తాడా? ఒక రోజు ఉండబట్టలేక, మీరే చూడొచ్చుగా చీఫ్ అనేశాను. ఆయన తొణక్కుండా, నిన్ను అడిగాను అన్నాడు. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పి గింజుకుంటే ఆవిడ, "రెండేళ్లు కూర్చుని ఎగ్జామ్స్ రాశారుగా, ఒక మాట చెప్పడానికి అంత బాధేమిటండీ," అని టీవీ పెట్టుకుంది.

ఒక నవంబరులో సుపీరియర్ సరస్సు మీద, మధ్యాహ్నం వేళ, అలలకి ఓడ వెనక భాగం లేచినప్పుడల్లా ప్రొపెల్లరు గాలిలో తిరిగి ఇంజను పిచ్చిగా పరుగెత్తుతోంది. ఎలా ఉంది అన్నాడు. నడిమి బేరింగు వేడెక్కుతోంది, చెయ్యి ఉంచలేకపోతున్నానన్నాను. ఆయన తన చేత్తో చూడలేదు. ఆ క్షణమే వేగం తగ్గించి, గొట్టంతో నీళ్లు కొట్టించి, కెప్టెన్ని ఒప్పించి ఓడని ఒడ్డు మాటుకి మళ్లించాడు. ఇంకో పావుగంట ఆగితే బేరింగు కరిగిపోయేది. అంత పెద్ద నిర్ణయం నా ఒక్క మాట మీద తీసుకున్నాడేమిటని ఆ రోజు అనుకున్నాను గానీ, మర్నాడు మళ్లీ ఎలా ఉంది అనగానే నా కోపం నాకు తిరిగొచ్చేసింది.

ఎనభైలు వచ్చేసరికి ఉక్కు కర్మాగారాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పాత ఓడలు ఒక్కొక్కటే రేవుల్లో ఆగిపోయి, అక్కణ్ణుంచి తుక్కుకి పోయాయి. మా వంతు ఎనభై నాలుగు డిసెంబరులో వచ్చింది. టోలిడో రేవులోనే, నేను ఎక్కిన చోటే. పొద్దున తొమ్మిదింటికి తాళ్లు కట్టారు. పైనుంచి, ఇంజనుతో పని అయిపోయిందని గంట మోగింది. చీఫ్ తనే ఆవిరి కట్టేశాడు. ఆ కడ్డీలు ఇంకో సగం చుట్టు తిరిగి, పెద్ద సిలిండరు కడ్డీ పైకి లేచి అక్కడే నిలిచిపోయింది. అందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఒక్కొక్కరే పైకెళ్లిపోయారు. చీఫ్, నేను మిగిలాం.

ఆయన అలవాటు ప్రకారం నా పక్కకి వచ్చి, "ఎలా ఉంది? చెప్పు," అన్నాడు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఆగిపోయింది కదా చీఫ్. ఇప్పుడైనా మీరే చూడండి," అన్నాను.

ఆయన కాఫీ కప్పు కింద పెట్టి, గొయ్యి దగ్గర వంగి, ఆ పెద్ద అరచెయ్యి బేరింగు మీద పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. మొహంలో ఏమీ లేదు. కప్పులోంచి ఇంకా పొగలొస్తున్నాయి. పిడి పట్టుకోకుండా ఆయన ఏడేళ్లుగా తాగుతున్న కప్పు.

"నాకు తెలియదు," అన్నాడు. "వేళ్లకి వేడీ చల్లనా తెలియడం మానేసి చాలాకాలమైంది. నువ్వు రాకముందే."

కంపెనీకి తెలిస్తే ఒడ్డున కూర్చోబెడతారని ఎవరికీ చెప్పలేదట. ఆయిలరుకి తెలుసట. నువ్వొచ్చేదాకా వాడి చెయ్యి, నువ్వొచ్చాక నీ చెయ్యి అన్నాడు. ఏడేళ్లు పరీక్ష అనుకున్నాను. ఆయన తెలియక అడుగుతుంటే, తెలిసి కూడా అడుగుతున్నాడని నేను మండిపడ్డాను. ఆ నవంబరు మధ్యాహ్నం ఓడలో ఉన్న ముప్ఫై మంది ప్రాణాలు నా ఒక్క అరచేతిలో ఉన్నాయని నాకు తెలియదు, ఆయనకి తెలుసు.

అంత తప్పు చేసినవాణ్ణి ఎందుకు నమ్మారని అడిగాను.

"చేతులు కడుక్కోవడం ఎవడికైనా నేర్పొచ్చు," అన్నాడు. "నాలిక మీద ఒక్క చుక్కకి నది మధ్యలో ఓడ ఆపబోయావు. తర్వాత అదంతా నీ చేత్తోనే రాశావు. వేడెక్కిందని నువ్వంటే వేడెక్కినట్టే."

చల్లారేదాకా ఉందామా అన్నాడు. ఉందామన్నాను. ఇద్దరం ఆ ఇనుప మెట్ల మీద కూర్చున్నాం. బాయిలర్లు ఆరిపోయాయి, చలి మెల్లగా కిందికి దిగుతోంది. ఎక్కడెక్కడో గొట్టాలు టిక్కు టిక్కుమని ముడుచుకుంటున్నాయి. కాసేపటికోసారి ఆయన ఎలా ఉంది అనేవాడు. నేను లేచి, వంగి, చెయ్యి పెట్టి, గోరువెచ్చగా ఉంది చీఫ్ అనేవాణ్ణి. ఎప్పుడూ లేనంత శ్రద్ధగా, ఆ మాట కోసమే పుట్టినట్టు చెప్పాను. పన్నెండు దాటింది. ఇంకోసారి అడిగాడు.

చెయ్యి పెట్టాను. ఇనుము ఇనుములా ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ల వెచ్చదనం అందులో ఎక్కడా లేదు. ఇంకా గోరువెచ్చగానే ఉందని చెబుదామనిపించింది. ఆయనకెలాగూ తెలియదు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"చల్లారిపోయింది, చీఫ్," అన్నాను.

ఆయన నమ్మాడు. లేచి, తొట్టి దగ్గరికెళ్లి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, మెట్లెక్కాడు.